నోట్లో నానిన నువ్వుగింజ

డాబా మీద ఇనుప దండెం ఆ రోజు కూడా ఖాళీగా కనిపించేసరికి అత్తగారికి ఒళ్ళు మండిపోయింది.

అది ఖాళీగా ఉండాలనే కదా ఆవిడ ఇన్నాళ్ళూ పోట్లాడింది! పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ కోడలు తెల్లారగానే డాబా ఎక్కి ఆ దండేనికి వేలాడేది. ఆరేసిన దుప్పట్లన్నీ ఓ పక్కకి నెట్టేసి, ఈ చివర్నుంచి ఆ చివరికి చేతుల మీదే వెళ్ళేది. "అది బట్టలారేసుకునే దండెమా, నువ్వు ఊగే ఉయ్యాలా? ఏదో ఒకటి తేల్చు తల్లీ!" అని అత్తగారు మెట్ల మీంచి కేకేస్తే, "ఇంకొక్కసారి అత్తయ్యా" అని నవ్వేది. అలాంటి పిల్ల, దేశాల పోటీకి వెళ్ళొచ్చాక డాబా మెట్లే ఎక్కడం లేదు. దుప్పట్లు హాయిగా ఆరుతున్నాయి. ఆ హాయే అత్తగారికి పడటం లేదు.

కోడలు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొద్దస్తమానం లిఫ్టు గుంటల్లో తాళ్ళు పట్టుకుని ఎక్కి దిగే చేతులు కాబట్టి, జాతీయ జట్టులో చోటు దొరికింది. అదొక టీవీ పోటీ. దేశానికి నలుగురు. ఎత్తయిన గోడలెక్కాలి, తాడు పట్టుకుని దూకాలి, నీళ్ళ మీద వేలాడే కడ్డీలు దాటాలి. ఒకరి వంతయ్యాక ఇంకొకరు అందుకోవాలి. పోటీ ఎప్పుడో అయిపోయింది, టీవీవాళ్ళు మాత్రం వారానికో ముక్క వేస్తున్నారు. ఫైనల్ ఈ ఆదివారం సాయంత్రం. ఫలితం ముందే బయటపెడితే జట్టులోంచి తీసేస్తామని అందరిచేతా సంతకాలు పెట్టించుకున్నారట. అందుకని కోడలు నోరు విప్పదు.

"నా ఇంట్లో, నా పొయ్యి దగ్గర, నాకు తెలియని సంగతా!" అని అత్తగారు రోజూ గింజుకుంటూనే ఉంది. ఆవిడ బాధలో న్యాయముంది. మేడమీదా కిందా ఎవరింట్లో ఏం జరిగినా మొదట తెలిసేది ఆవిడకే. ఆవిడకి తెలిసిందంటే ఇంక అందరికీ తెలిసినట్టే. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. చుట్టుపక్కలవాళ్ళు వెనకాల ఆవిణ్ణి 'రేడియో' అంటారు. ఆ సంగతి కూడా ఆవిడకి తెలుసు.

బకెట్ పట్టుకుని కిందికి దిగేసరికి, మెట్ల దగ్గర మామగారు కింది వాటా టైలరమ్మని నిలబెట్టి ఉపన్యాసమిస్తున్నాడు. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన లెక్కలో ప్రపంచమంతా రోడ్డే.

"ఆ ఎర్ర చొక్కాల దేశంవాళ్ళని చూశావుగా చెల్లెమ్మా? ఒక్కొక్కడూ తాటిచెట్టంత ఉన్నాడు. ఏం లాభం? మలుపులో బ్రేకు వెయ్యని బస్సులా పోయి నీళ్ళలో పడ్డారు. ఆ నీలం చొక్కాలవాళ్ళేమో మరీ జాగ్రత్త. ప్రతి స్టాపులోనూ ఆగితే డిపోకి ఎప్పుడు చేరతారు? మనవాళ్ళకే స్పీడూ ఉంది, కంట్రోలూ ఉంది. కప్పు మనదే!"

"మీ కోడలు చెప్పిందా అన్నయ్యగారూ?"

"చెప్పదుగా! అదే కదా సాక్ష్యం. ఓడిపోతే దాచడానికేముంది? నలుగురికీ చెప్పుకుని ఏడ్చేది. గెలిచింది కాబట్టే దాస్తోంది. ఆదివారం అందరూ మా హాల్లోకి రండి. కుర్చీలు కూడా తెప్పిస్తున్నా."

"బాగుందండీ! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అని అత్తగారు బకెట్ దభాలున కింద పెట్టింది. "కూర్చునేవాళ్ళకి టీలు పెట్టేదెవరు, మీరా?"

"చూశావా చెల్లెమ్మా, కోడలు టీవీలో కనబడితే ఈవిడ మొహం ఎలా మాడిపోతుందో."

అత్తగారు పళ్ళు కొరుక్కుంటూ ఇంట్లోకి వెళ్ళింది. అక్కడ ఇంకో పిడుగు కాచుకుని ఉంది. బేకరీలో రాత్రి పని ముగించుకుని వచ్చిన కొడుకు, చేతులకి అంటిన పిండితోనే కుర్చీలో వాలిపోయి, "అమ్మా, ఆదివారం సాయంత్రం తను ఇంట్లో ఉండదట. డ్యూటీ వేయించుకుంది" అన్నాడు.

"వేశారా, వేయించుకుందా?"

"అడిగి మరీ వేయించుకుంది. ఎందుకంటే చెప్పదు. నన్ను అడక్కు. నాకు నిద్రొస్తోంది."

అత్తగారు తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. కోడలు పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుని, నిలబడే టీ తాగుతోంది.

"ఏంటమ్మాయ్, వాడు చెప్పేది? ఊరందర్నీ మీ మామయ్య పిలిచాడు. వాళ్ళందరికీ టీలిస్తూ నేను నిలబడాలి, నువ్వేమో ఎక్కడో లిఫ్టులో కూర్చుంటావా? గెలిచిన గొప్పకి మా మధ్య కూర్చోవడం నామోషీగా ఉందా?"

"అది కాదత్తయ్యా."

"మరేది? ఇంట్లోవాళ్ళం పరాయివాళ్ళమైపోయాం! నాలుగు గోడలెక్కేసరికి నెత్తికెక్కింది నీకు. ఏం అడిగినా మూగనోము! నా ఇంట్లో నేనే..."

"నేను పడిపోయానత్తయ్యా!"

కోడలు టీ గ్లాసు గట్టు మీద పెట్టేసింది.

"మనమే ముందున్నాం. నా వంతు కడ్డీలు. ఆఖరి కడ్డీ దగ్గర, పక్కవాళ్ళు ఎక్కడున్నారో అని ఒక్కసారి అటు చూశాను. చెయ్యి జారింది. అందరికంటే ముందున్న జట్టు, నావల్ల అందరికంటే ఆఖరికి పోయింది. ఆ ముగ్గురూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే భరించలేకపోతున్నా. ఇప్పుడు ఇంతమంది మధ్య కూర్చుని, నేను పడటం నేనే చూడాలా? మామయ్య మొహం చూడాలా?" అప్పుడు గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, చెప్పేశాను. ఇది బయటికి పొక్కితే నన్ను తీసేస్తారు. మీ అబ్బాయికి కూడా చెప్పలేదు. పోయి పోయి మీకు..."

మిగతా మాట మింగేసింది. పోయి పోయి రేడియోకి చెప్పానే అని ఆ పిల్ల మొహంలోనే కనబడుతోంది. అత్తగారికి చురుక్కుమంది. కానీ ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూశాక కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"నువ్వు డ్యూటీకి పో" అంది చివరికి. "మిగతాది నేను చూసుకుంటా."

చూసుకోవడమంటే మాటలా! మర్నాడు మధ్యాహ్నానికే అత్తగారికి కడుపు ఉబ్బిపోయినట్టయింది. టైలరమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని, "ఏంటి వదినగారూ, ఇవాళ ఏ వార్తా లేదా?" అంటే ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి నిలబడింది. "ఏమీ లేదు, పళ్ళు నొప్పి" అని లేచి వచ్చేసింది. మొగుడితో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడితే ఎక్కడ జారుతుందోనని ఆయనతోనూ మాట మానేసింది. ఆయనకి అదీ అనుమానమే.

జనాన్ని రాకుండా ఆపాలని ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. తలనొప్పి అంది. హాలుకి సున్నం వేయించాలంది. కుర్చీలవాడికి ఫోన్ చేసి వద్దని చెప్పింది, మామగారు మళ్ళీ చేసి రమ్మన్నాడు. ఆఖరికి ఆదివారం మధ్యాహ్నం టీవీ వెనకాల తీగ ఊడబీకి వాషింగ్ మెషీన్లో దాచింది. మామగారు ఇల్లంతా వెతికి, దొరక్క, టైలరమ్మ ఇంట్లోంచి తీగ తెచ్చుకున్నాడు.

"నాకు తెలుసు, నువ్వే దాచావు" అన్నాడు, టీవీ వెనక్కి దూరుతూ. "కోడలికి పేరొస్తే నీకెందుకే అంత కడుపుమంట?"

ఏం చెబుతుంది? అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయి, వంటింట్లోకి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టింది.

సాయంత్రానికి హాలు నిండిపోయింది. కొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ పక్కనే కుర్చీ వేసుకున్నాడు. తెర మీద నాలుగు దేశాల జట్లు వరసగా నిలబడ్డాయి. మన జట్టులో మొదటివాడు గోడని ఉడతలా ఎక్కేశాడు. తెల్ల చొక్కాల దేశంవాడు అదే గోడ మీద రెండుసార్లు జారాడు. రెండో మనిషి తాడు పట్టుకుని దూకేసరికి నీలం చొక్కాలవాళ్ళు చాలా వెనకబడ్డారు, పసుపు చొక్కాలవాళ్ళు తాడు దగ్గరే చిక్కుకుపోయారు.

"చెప్పానా! చెప్పానా! రోడ్డంతా ఖాళీ!" అని మామగారు తొడలు చరుచుకున్నాడు.

మూడో వంతు. కోడలు. హాలంతా ఈలలు. ఆ పిల్ల కడ్డీ మీంచి కడ్డీకి ఎంత తేలిగ్గా వెళ్తోందో చూసి అత్తగారికే ఒక్క క్షణం ఆశ పుట్టింది. పడదేమో, ఈసారికి పడదేమో అనుకుంది. అంతలోనే కోడలు పక్కకి చూసింది.

నీళ్ళు చిమ్మిన చప్పుడుకి హాల్లో ఈలలు ఆగిపోయాయి. ఒక్కొక్క దేశమే మనవాళ్ళని దాటిపోయింది. అందరూ కాళ్ళ వంక చూసుకుంటున్నారు. మామగారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత ఆ బాధంతా ఎక్కడ దింపుకోవాలో తెలియక పెళ్ళాం వైపు తిరిగాడు.

"నీ ఏడుపే తగిలింది! మొదట్నుంచీ నీకు ఇష్టం లేదు. వేలాడితే తిట్టావు, పోటీకి వెళ్తుంటే సణిగావు, ఆఖరికి తీగ కూడా దాచావు. ఇప్పుడు చల్లగా ఉందా?"

"మీరు అలా అడ్డుపడకుండా ఉండాల్సింది వదినగారూ" అంది టైలరమ్మ మెల్లిగా. కొడుకు కూడా తల్లి వైపు అదోలా చూశాడు.

ఇప్పుడైనా చెప్పేయొచ్చు. ఆట టీవీలో వచ్చేసింది కాబట్టి ఫలితం దాచాల్సిన పనిలేదు. కానీ ముందే తెలుసని తేలితే, ఎవరు చెప్పారనే మాట వస్తుంది. ఇంతమంది నోళ్ళు ఎవరు మూస్తారు? అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది.

"అవును, నాకిష్టం లేదు" అంది. "నేనే దాచాను. అయితే ఏంటి ఇప్పుడు?"

"అత్తయ్యా!"

గుమ్మంలో కోడలు. భుజాన సంచి, చేతులకి గ్రీజు. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఆవిణ్ణి అనకండి మామయ్యా. అక్కడ ఉండలేకపోయాను, ఈవిడొక్కత్తే ఎలా మోస్తోందో అని పరిగెత్తుకొచ్చా. అత్తయ్యకి ముందే తెలుసు. నేనే చె..."

అత్తగారు ఆ వయసులో ఎలా లేచిందో, ఎలా ఉరికిందో, రెండు కుర్చీలు దాటుకుని, ఒక టీ ట్రే తన్నేసి వెళ్ళి కోడలి నోరు గట్టిగా మూసింది.

"నాకేం తెలీదు! ఏం తెలీదు నాకు! నోరు ముయ్యి పిచ్చిమొద్దూ, సంతకం పెట్టావు! ఇన్నాళ్ళూ నేను నోరు కుట్టుకుని చచ్చింది, నువ్వొచ్చి ఇక్కడ వాగడానికా? ఎవరూ ఏమీ వినలేదు. విన్నారా ఎవరైనా?"

ముందుగా తేరుకున్నది టైలరమ్మ.

"రేడియో ఇన్ని రోజులు దాచిందా!" అనేసి, నాలిక కరుచుకుంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు హాలంతా పాకింది. మామగారు మాత్రం నవ్వలేదు. తను తెప్పించిన కుర్చీలన్నిటి వంకా ఒకసారి చూసి, లేచి కోడలి దగ్గరికి వచ్చాడు.

"అంటే, నా గొప్పలకి భయపడి నా కోడలు నా ఇంటికే రాలేకపోయిందా?" అన్నాడు. "నాది తప్పమ్మా." పెళ్ళాం వైపు తిరిగి, "ఏమే..." అని ఆగిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి క్షమాపణ చెప్పిన అలవాటు లేక, కింద పడ్డ టీ గ్లాసులు ఏరడం మొదలుపెట్టాడు.

కోడలు అత్తగారి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. "నావల్ల అందరూ ఓడిపోయారత్తయ్యా. మళ్ళీ దాన్ని పట్టుకోవాలంటేనే భయమేస్తోంది" అంది.

"నా చీరంతా గ్రీజు చేశావు" అంది అత్తగారు. అంటూనే ఆ పిల్ల వీపు నిమిరింది. ఆవిడ కళ్ళలోంచి కూడా నీళ్ళు కారిపోతున్నాయి.

మర్నాడు పొద్దున్న మామగారు గదిలోంచి వస్తూనే తడి దుప్పటి మొహానికి తగిలి, గావుకేక పెట్టాడు. తలుపుల మీద దుప్పట్లు. కుర్చీల మీద చొక్కాలు. టీవీ మీద తువ్వాలు. నడవడానికి దారి లేదు.

"ఇదేం ఖర్మే! డాబా మీద దండెం విరిగిందా?"

"విరగలేదు. ఖాళీగా ఉంది."

"ఖాళీగా ఉంటే బట్టలు నా నెత్తిన ఎందుకు ఆరేశావు?"

"అది ఖాళీగా ఉండాలి కాబట్టి. ఎవరికైనా కావాలేమో" అంది అత్తగారు, ఎవరి వంకా చూడకుండా మేజోళ్ళు పిండుతూ.

టీ తాగుతున్న కోడలు తలెత్తింది. ఇల్లంతా వేలాడుతున్న బట్టల్ని చూసింది. గ్లాసు పెట్టేసి, దుప్పట్ల కింద నుంచి వంగి వంగి వెళ్ళి మెట్లెక్కింది.

అత్తగారు చెవి డాబా వైపే పెట్టింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఇనుప దండెం కిర్రుమంది. ఆగింది. మళ్ళీ కిర్రుమంది.

"ఎంతసేపమ్మాయ్?" అని అత్తగారు మెట్ల దగ్గర నిలబడి అరిచింది. "ఇక్కడ ఇల్లంతా కంపు కొడుతోంది!"

"ఇంకొక్కసారి అత్తయ్యా!"

అత్తగారు చేతిలో ఉన్న తడి మేజోడుతోనే కళ్ళు తుడుచుకుంది.