కేక సీటు

మా ఊరి వంతెనకు మూడు కమానులు. పక్క రెండింటి కింద నుంచి పడవ పోదు. మేట వేసేసింది, పైగా జనం తమ పాత పరుపులకూ విరిగిన కుర్చీలకూ అక్కడే శాశ్వత నివాసం ఏర్పాటు చేశారు. పోతే నడి కమాను కింద నుంచే పోవాలి.

నడి కమాను మంచిది కాదు.

ఎందుకు మంచిది కాదంటే ఎవరూ సరిగ్గా చెప్పరు. గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, "అక్కడ... ఎవరో మాట్లాడతారు" అంటారు. ఒక్క మాటేనట. మెల్లగా... చెవి పక్కనే. అది విన్న పడవ ఉన్నచోటే ఆగిపోతుందట.

నేనైతే ఇలాంటివి నమ్మను. ఆ కమాను కింద నుంచి వెళ్ళను కూడా. రెండూ వేరు వేరు సంగతులు.

ఈ కథ నాకు చెప్పింది మా పిన్ని. ఆవిడకు డ్రైక్లీనింగ్ షాపుంది. మనిషి పిడికెడు, గొంతు మాత్రం మేడంత. కౌంటరు వెనక నుంచి "కోటు రెడీ" అని అరిచిందంటే ఎదురు వీధిలో ఎవరిదో కుక్క లేచి నిలబడుతుంది. ఆ గొంతు చూసే పడవ పోటీల క్లబ్బువాళ్ళు ఈ ఏడాది పిలిచి మరీ ఆవిడకు సీటిచ్చారు. దాన్ని మావాళ్ళు కేక సీటు అంటారు.

పడవ పోటీ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. పడవలో నలుగురు తెడ్లు లాగుతారు. వీపు అటు, ముఖం ఇటు. అంటే ఎటు పోతున్నారో వాళ్ళకు కనపడదు, ఎటునుంచి వచ్చారో మాత్రం బ్రహ్మాండంగా కనపడుతుంది. మా క్లబ్బు కమిటీ కూడా అచ్చం ఇంతే, కాకపోతే వాళ్ళ చేతుల్లో తెడ్లుండవు. ఆ నలుగురికీ ఎదురుగా, పడవ తోక దగ్గర, చుక్కాని తాళ్ళు పట్టుకుని ఒక మనిషి కూర్చుంటుంది. దారి చూసేదీ ఆవిడే, కేకలేసేదీ ఆవిడే.

పిన్నికి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా, ముఖాముఖీ కూర్చునేది సెలూన్ ఆయన. ఆయన వెనక లిఫ్టు మెకానిక్కు, ఆ వెనక బ్యాంకు క్యాషియరు, చిట్టచివర జిమ్ము మాస్టారు. ఈ ముగ్గురికీ కనిపించేది ముందున్నవాడి వీపు. ఆ వీపు ఎలా ఊగితే వీళ్ళూ అలా ఊగాలి. పిన్ని ముఖం సరిగ్గా కనపడేది సెలూన్ ఆయనకొక్కడికే.

ఇంట్లో పిన్ని మాట వినే నాథుడు లేడు. బాబాయికి టీవీ, పిల్లలకు ఫోన్లు. అన్నం తినమని నాలుగుసార్లు పిలిస్తే ఐదోసారి "ఏమన్నావ్?" అంటారు. ఆ పడవలో మాత్రం నలుగురు మగాళ్ళు ఆవిడ ఊపిరి పీలిస్తే పీలుస్తారు, వదిలితే వదులుతారు. "ఆ సీటు లేకపోతే నేనేంటే? ఇస్త్రీ పెట్టెను" అంది ఒకసారి నాతో. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు.

సరే, కమాను సంగతికొద్దాం.

క్లబ్బు పెట్టిన కొత్తలో కేక సీట్లో ఒక పెద్దాయన ఉండేవాడట. ఏళ్ళ తరబడి ఆయనే. ఒక సీజను చివర కమిటీ ఆయనకు దండ వేసి, చప్పట్లు కొట్టి, "ఇక మీరు విశ్రాంతి తీసుకోండి" అంది. అంటే దిగమని.  ఆ రాత్రి ఆయన పడవల షెడ్డు తాళం తీసుకుని, ఒక్కడే పడవ దింపుకుని వెళ్ళాడట. తెల్లారి పడవ నడి కమాను కింద దొరికింది. సీటు కూడా దొరికింది... ఆయన దొరకలేదు. క్లబ్బు హాల్లో ఆయన ఫోటో ఉంది. గోడ మీద చెమ్మ మరకకు సరిగ్గా సరిపోయింది కాబట్టి ఇప్పటికీ ఉంది.

ఈ సీజన్లో మూడు పోటీలు. మొదటి పోటీలో మావాళ్ళు ముందున్నారు. అవును, మావాళ్ళే. ఇలాంటి వాక్యం క్లబ్బు చరిత్రలో ఎవరూ రాసి ఉండరు. వెనక పడవకూ మనకూ మధ్య బోలెడు నీళ్ళు. పిన్ని ఊగిపోతూ కేకలేస్తోంది. పడవ కమాను కిందకు దూరింది. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా చీకటే...

"చాలు."

నాలుగు తెడ్లూ ఠక్కున గాల్లోకి లేచాయి. పడవ ఆగింది. వెనకాల వచ్చిన పడవలన్నీ వీళ్ళను పలకరించుకుంటూ దాటిపోయాయి.

ఇక్కడో ముక్క చెప్పాలి. మా క్లబ్బులో పడవ ఆపాలంటే "చాలు" అనాలి. అదే రూలు. పూర్వం "ఆపు" అనేవారట. ఒకరోజు అది "ఊపు" అని వినపడి, అందరూ శాయశక్తులా ఊపి, పడవను తీసుకెళ్ళి గట్టుకు గుద్దారు. దాంతో కమిటీ మూడు సమావేశాలు పెట్టి, టీలు తాగి, "చాలు" అని మార్చింది. అంత మేధావులు మావాళ్ళు.

గట్టెక్కాక గొడవ. చాలు అని ఎందుకన్నావని వాళ్ళు. నేననలేదని పిన్ని. అన్నావు, మేం నలుగురం విన్నామని వాళ్ళు. సెలూన్ ఆయన మాత్రం తల గోక్కుంటూ నిలబడ్డాడట. చీకట్లో ఆవిడ నోరు కదులుతూ ఉండటం కనిపించింది గానీ, ఏం మాట వచ్చిందో చెప్పలేనన్నాడు.

రెండో పోటీలో కూడా అదే కమాను, అదే మాట, అవే తెడ్లు గాల్లోకి. ఈసారి ఎవరూ గొడవ పడలేదు. అందరూ గోడ మీద ఫోటో వైపు చూశారు.

క్లబ్బు ప్రెసిడెంటుగారు ప్లైవుడ్ వ్యాపారి, చురుకైన మనిషి. వెంటనే దెయ్యం మీద ఒక సబ్ కమిటీ వేశారు. సబ్ కమిటీ కమాను కింద ఒక బల్బు పెట్టించాలని తీర్మానించింది. బల్బు పెట్టడానికి కమాను కిందకు వెళ్ళేవాడు దొరక్క తీర్మానం తీర్మానంగానే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆయన పిన్నిని పక్కకు పిలిచి, చాలా మర్యాదగా, ఇంకొక్కసారి పడవ ఆగితే కేక సీటు తన అల్లుడికిస్తానన్నారు. అల్లుడు పైచదువులు చదివాడు, గొంతు కూడా గంభీరంగా ఉంటుందట. పిన్నికి తల తీసేసినట్టయింది. ఆ రాత్రి షాపు మూసి, ఇస్త్రీ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చానని తనే చెప్పింది.

మర్నాడు ఇంకా తెల్లారకముందే సెలూన్ ఆయన్ను లేపి, చిన్న పడవలో కమాను దగ్గరకు లాక్కెళ్ళింది. ఆయన్ను కమానుకు ఇవతల గట్టు మెట్ల మీద దింపి, తను చీకట్లోకి వెళ్ళింది. పోటీలో ఏం అరుస్తుందో అదే అరిచింది.

"కాలు! కాలు!"

తెడ్డు లాగేటప్పుడు బలం చేతుల్లోంచి కాదు, కాళ్ళలోంచి రావాలి. అందుకని కీలకమైన చోట పిన్ని "కాలు! కాలు!" అని అరుస్తుంది. ఆ కేక కమాను రాళ్ళకు తగిలి, నీళ్ళకు తగిలి, కాస్త నలిగి, కాస్త ఆలస్యంగా వెనక్కొచ్చింది...

"...ఆలు... చాలు..."

సెలూన్ ఆయన మెట్ల మీద కూలబడి నవ్వాడట. పిన్ని పడవలో కూర్చుని నవ్విందట. రెండు పోటీలు ముంచిన దెయ్యం మా పిన్ని గొంతేనన్నమాట. బాబాయికి చెప్తే ఆశ్చర్యపోలేదు, తనకెప్పుడో తెలుసన్నాడు.

ఇక మందు తేలికే. కమాను కింద ఉన్నంతసేపూ పిన్ని నోరు మూసుకోవాలి. సెలూన్ ఆయన వీపు చూసుకుంటూ మిగతావాళ్ళు లాగేయాలి. వినడానికి తేలికే గానీ పిన్ని నోరు మూసుకోవడమంటే మాటలా? తన మీద తనకే నమ్మకం లేక, కమాను రాగానే చేతిరుమాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంటానని ఒప్పుకుంది. ఆ సంగతి సెలూన్ ఆయనకే తెలుసు. మిగతా ముగ్గురికీ ప్రతిధ్వని గురించి చెప్పి, అక్కడ నేను మాట్లాడనని మాత్రం చెప్పింది.

చివరి పోటీ సాయంత్రం పెట్టారు. ముఖ్య అతిథి నదుల గొప్పతనం గురించి మాట్లాడటం మొదలుపెట్టి, నది కనపడకుండా పోయేదాకా మాట్లాడాడు. చీకటి పడింది. పడవల ముక్కులకు లైట్లు కట్టి వదిలారు.

మావాళ్ళు రెండో స్థానంలో ఉన్నారు. కమాను దగ్గరపడింది. పిన్ని రుమాలు నోట్లో కుక్కుకుంది. ముందు పడవ లైటు కమానులోకి దూరి... మాయమైంది. ఆ వెనకే వీళ్ళు.

చీకటి... తెడ్ల చప్పుడు... ఎవరి ఊపిరి ఎవరిదో తెలియడం లేదు. పిన్ని ఊపిరి బిగబట్టి తాళ్ళు పట్టుకుని కూర్చుంది. తనకు ఏ మాటా వినపడలేదు. ఉన్నట్టుండి తన కింద పడవ ఎగిరి ముందుకు దూకింది. మళ్ళీ దూకింది. సీజనంతా అరిచి గీ పెట్టినా రాని ఊపు... తను నోరు మూసుకోగానే వచ్చింది. బయటపడేసరికి ముందున్న పడవ వెనకుంది.

గెలిచారు. మావాళ్ళు! ప్రెసిడెంటుగారు మైకు అందుకుని, వచ్చే సీజను కూడా కేక సీటు అమ్మగారిదేనని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. పిన్నికి మాత్రం లోపలెక్కడో చిన్న ముల్లు గుచ్చుకుందట. నేను నోరెత్తకపోతేనే వీళ్ళు బాగా లాగుతారా, ఇంట్లోలాగే ఇక్కడానా అని.

అప్పుడు లిఫ్టు మెకానిక్కు వచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. కమాను కింద ఆ కేకలు అద్భుతమన్నాడు. క్యాషియరు కూడా అదే మాట. అరవకుండా, నిమ్మళంగా, ఒక్కొక్క తెడ్డుకూ ఒక్కొక్క మాట... అలా చెయ్యమనే కదా సీజనంతా మొత్తుకున్నామన్నాడు. మాట్లాడనని చెప్పి భలే ఏమార్చారని జిమ్ము మాస్టారు మెచ్చుకున్నాడు.

పిన్ని నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? కాదంటే సీటు పోతుంది.

షెడ్డులో పడవ కడుగుతుంటే సెలూన్ ఆయన ఒక్కడే మిగిలాడు. 

"అక్కా... మీ నోట్లో రుమాలుంది. నేను చూస్తూనే ఉన్నా."

"వాళ్ళలాగే నువ్వూ విన్నావా తమ్ముడూ?"

ఆయన తలూపాడు. పైపు కట్టేసి అన్నాడట.

"మీ వెనక నుంచొచ్చిందక్కా."

 మర్నాడు పొద్దున్నే పిన్ని ప్రెసిడెంటుగారింటికి వెళ్ళి, అల్లుడుగారి గంభీరమైన గొంతును నోరారా పొగిడి, కేక సీటు ఆయనకే అప్పజెప్పి వచ్చేసింది. సీజనంతా దానికోసం చచ్చేంత పని చేసిన మనిషి. ప్రెసిడెంటుగారు ఆవిడ త్యాగాన్ని మైకులో మెచ్చుకున్నారు. అల్లుడు కూడా మెచ్చుకున్నాడు, తనకంటే అర్హుడెవరుంటారని.

పిన్ని ఇప్పుడు మూడో తెడ్డు లాగుతోంది, క్యాషియరు మోకాళ్ళ నొప్పులని మానేశాడు కాబట్టి. చేతులు కాయలు కాశాయి. గొంతు షాపులో వాడుకుంటోంది.

నిన్న సాయంత్రం అల్లుడుగారి మొదటి ప్రాక్టీసు. చీకటి పడేవేళకు నడి కమాను దాటి, తిరిగి గట్టుకొచ్చారు. పడవ ఆగలేదు, ఎవరూ ఏమీ వినలేదు. అల్లుడు చాలా హుషారుగా దిగాడట. అనవసరంగా భయపడ్డారు, ఈ సీటంత సుఖం మా ఆఫీసు కుర్చీలో కూడా లేదన్నాడట. ముఖ్యంగా కమాను దాటినప్పటినుంచీ, వెనక్కి ఆనుకోవడానికి మెత్తగా భలే ఉందన్నాడట.

పిన్ని తుడిచిన తెడ్డునే మళ్ళీ తుడిచిందట. సెలూన్ ఆయన పైపు తీసుకుని పడవ కడగడం మొదలుపెట్టాడట.

ఆ సీటుకు వెనక ఆనుడు చెక్క లేదు. సీటు వెనక ఉండేది నీళ్ళే.