సీసాల గోడ

ఆ ఉదయం వంటింట్లో బల్బు టప్పుమని మాడిపోయింది. బయట ఎండ కాస్తున్నా గదంతా చీకటి. కొత్తది తెస్తానని కొడుకు చెప్పులేసుకుంటుంటే తల్లి వద్దంది. పట్టపగలు బల్బు వేసుకుని కూరలు తరిగే ముచ్చట ఇక చాలంది. అక్కడితో ఆగకుండా, వంటింటికీ హాలుకీ మధ్య గోడ మీదున్న అద్దాల అల్మరా దింపించి, అందులో ఉన్న, భర్తకి సన్మానాల్లో వచ్చిన జ్ఞాపికలన్నీ తీసుకెళ్ళి ఆయన మంచం మీద పోసింది.

భర్త తాపీ మేస్త్రి. ఆయన స్నానం చేసి వచ్చేసరికి పరువంతా పక్క మీద పడుకుని ఉంది.

ఆయన సగం ఊరికి ఇళ్ళు కట్టినవాడు. గాలీ వెలుతురుల విషయంలో ఆయన తర్వాతే ఎవరైనా అని పేరు. సొంతిల్లు మాత్రం వచ్చేపోయేవాళ్ళ కళ్ళు చెదరాలని కట్టుకున్నాడు. కిటికీలన్నీ హాలుకే పోయాయి. వంటింటికి పొగ పోయే కన్నం ఒకటి మిగిలింది. దాన్నెవరు చూడొచ్చారు గనక!

కోడలికి పారేసే వస్తువు కనిపిస్తే చేతులు ఊరుకోవు. చిరిగిన గొడుగు గుడ్డ సంచీ అయ్యేది, పగిలిన గిన్నెలో మొక్క లేచేది. మామగారు ఆమెకి ‘సీసాలమ్మ’ అని పేరు పెట్టాడు. వంటింటికీ హాలుకీ మధ్యనున్న గోడలో కొన్ని ఇటుకలు తీసి, సందుల్లో ఖాళీ సీసాలు పేరిస్తే హాల్లో వెలుగు వంటింట్లోకి వస్తుందని కొన్నాళ్ళ కిందట ఆమె చెప్పినప్పుడు ఆయన పడీపడీ నవ్వాడు. మేస్త్రి ఇంటి గోడలో చెత్త పెట్టారంటే నలుగురిలో తలెత్తుకోలేనన్నాడు. కోడలి మొహం చిన్నబోయింది. కొడుకు పేపర్లో తల దూర్చేశాడు. అత్తగారు మాత్రం మర్నాటి నుంచి సీసాలు కడిగి దాచడం మొదలుపెట్టింది.

మంచం మీది జ్ఞాపికలు చూసిన మేస్త్రి వంటింటి గుమ్మంలోకి వచ్చి కోడలి మీద కళ్ళెర్రజేశాడు. "ఎవరు చేశారీ పని?"

"నేనే. అమ్మాయి వైపు చూడకండి," అంది భార్య. ఆవిడ చేతుల్లో ఆయన సుత్తీ ఉలీ ఉన్నాయి.

"గోడ కూలుతుంది. ఆటలుగా ఉందా?"

"ఇది బరువు మోసే గోడ కాదు. కట్టేటప్పుడు మీరే చెప్పారు. బిందెలతో నీళ్ళు మోసి దీన్ని తడిపింది నేను."

ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఇది తన కష్టార్జితమన్నాడు. తన కంఠంలో ప్రాణముండగా ఒక్క ఇటుక కదలడానికి వీల్లేదన్నాడు. ఆవిడ అంతా విని, ఉలి గోడకి ఆనించింది.

"ఇల్లు మీదే. వంటిల్లు నా రాజ్యమని నలుగురికీ చెప్పేది కూడా మీరే. అయితే ఇక్కడ నా మాటే చెల్లాలి. ఈ గోడలోంచి వెలుగు వచ్చేదాకా నేను పొయ్యి వెలిగించను."

సుత్తి పడింది. సిమెంటు పెచ్చులు రాలాయి. చేతకాని దెబ్బలే అయినా ఆవిడ ఆపలేదు. చివరికి ఓ ఇటుక హాల్లోకి జారిపడింది. ఆ కన్నంలోంచి వెలుగొచ్చి తిన్నగా ఆవిడ చేతుల మీద పడింది.

మోచేతుల దాకా కాలిన మచ్చలు. కొన్ని నల్లబడ్డాయి, ఒకటి ఇంకా పచ్చిగానే ఉంది. హాల్లో రోజూ ఆ చేతులే వడ్డించేవి. ఆయన చూపు కంచం దాటేది కాదు.

"ఇవేమిటి?" అన్నాడు. గొంతులో ఇందాకటి జోరు లేదు.

"చీకట్లో గిన్నె అంచు తడుముకుంటే అయ్యేవి."

"బల్బు ఉందిగా?"

"బల్బు నా వీపు వెనక పెట్టించారు. పొయ్యి మీద నా నీడే పడుతుంది. ఇళ్ళు కట్టేవారు, మీకు నేను చెప్పాలా?"

 మేస్త్రి తలెత్తి మాడిపోయిన బల్బునీ, తర్వాత పొయ్యినీ చూశాడు. తర్వాత చెయ్యి చాచాడు. "అలా కొడితే పక్క ఇటుకలు కదులుతాయి. ఇటివ్వు."

"మూసెయ్యడానికైతే ఇవ్వను."

"కాదు." ఆయన కన్నం అంచు వేలితో తడిమి చూశాడు. "వెలుగు ఎక్కడ పడాలి?"

ఇల్లు కట్టించుకునే ప్రతి ఇల్లాలినీ ఆయన మొదట అడిగే మాట అదే. భార్యని అడగడం మాత్రం ఇదే మొదటిసారి. అంతసేపు పోట్లాడినా చెమర్చని ఆవిడ కళ్ళు ఆ ఒక్క మాటకి నిండిపోయాయి. తుడుచుకోకుండానే వెళ్ళి పొయ్యి మీద చెయ్యి పెట్టింది.

"ఇక్కడ. సీసాలు ఎలా పేర్చాలో కోడల్ని అడగండి. వెటకారం లేకుండా అడగండి."

మేస్త్రి కోడలి వైపు తిరిగి, అలాగే అడిగాడు.