ఓడ అడుగు కంపు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో మూతపడిన పత్తి గోడౌను ఒకటుంది. చీకటి పడ్డాక దాని పక్కన ఆపమంటే ఏ ఆటోవాడూ ఆపడు. లోపల ఎవరో మూలుగుతారట... పీనుగు కంపు కొడుతుందట!

పరంజ్యోతి సారుకు ఈ మాటలంటే నవ్వు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. సముద్రాలు దాటి పరాయి దేశాలు ఆక్రమించిన నావికుల మీద ఏళ్ల తరబడి కూర్చుని లావాటి పుస్తకం రాశాడు. అచ్చయిన కాపీలన్నీ వానాకాలం నుంచి ఆ గోడౌనులోనే ఉన్నాయి. తెల్లారితే ఆళ్లగడ్డలో ఆవిష్కరణ. పుస్తకాలు లేకపోతే నలుగురిలో పరువు పోతుంది.

అందుకే బైండింగు చేసిన ముస్తఫాను వెంటబెట్టుకుని ఆ రాత్రే వెళ్లాడు.

తలుపు తీశారో లేదో — గుప్పుమంది. పులిసిన గంజిలో ఎలుక చచ్చినట్టు కంపు. సారు ముక్కు మూసుకున్నాడు.

"ఎనక్కి పోదామా సార్?" గొణిగాడు ముస్తఫా.

"నోర్ముయ్యప్పా. లైటెయ్."

సెల్‌ఫోను వెలుగులో పై వరస పుస్తకాలు నిగనిగలాడాయి. సారు కింది వరసలో చెయ్యి పెట్టాడు. మెత్తగా... జిగటగా... వేళ్ల మీద ఏదో పాకింది. పురుగులు! అట్టల వెనక తెల్లగా లుకలుకలాడుతున్నాయి. ఛీ!

"ఏందప్పా ఇదీ?"

"మైదా జిగురు కుళ్లింది సార్. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతాం. 'నేను వేలు నాలిక్కి అద్దుకోని పేజీ తిప్పుతా, ఆ విషం కలపాకు' అని మీరే అంటిరి గదా."

నిజమే. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. సారుకు నవ్వు రావాలి. రాలేదు.

ఇట్లాంటి కంపు గురించే ఆయన చదివాడు. బానిసలను అడుగున కుక్కిన ఓడ రేవుకు రాకముందే దాని కంపు వచ్చేదని ఎవరో నావికుడు రాసుకున్నాడు. చదివేవాళ్లకు వాంతొస్తుందని, ఆ ఓడల మీద తను రాసిన అధ్యాయం మొత్తం పుస్తకంలోంచి పీకేసింది సారే. తెరచాపలు, జెండాలు, సాహసాలు మాత్రం మిగిల్చాడు.

"పైవి బాగుండాయి సార్... అత్తరు కొట్టి పంపిద్దామా?"

ఆ మాటకు సారు గోడ పట్టుకుని భళ్లున కక్కాడు. తన మీద తనకే రోత పుట్టింది.

"వద్దు. రేపు సభ లేదని చెప్పెయ్."

తలుపు మూస్తుంటే — అడుగు వరసలోంచి సన్నగా... "నీళ్లు..."

"ఎలుకలేలేప్పా," అన్నాడు సారు.

ముస్తఫా తాళం వెయ్యకుండానే వెనక్కి జరిగాడు.

"ఎలుకలు నీళ్లడుగుతాయా సార్?"