ఊపిరి తాగిన గులాబీ వజ్రం

పట్టపగలు పన్నెండు గంటలు... కానీ సూరత్ మహీధర్‌పురా వజ్రాల వీధిలో కారుచీకటి! సంపూర్ణ సూర్యగ్రహణం! వ్యాపారులంతా బల్లలు సర్దుకుని ఇళ్లకు పోయారు. కరెంటు తీగ మీద వాలిన గుడ్లగూబ ఒకటి వజ్రాల వ్యాపారి కంకుబెన్ కిటికీ వైపే రెప్పవేయకుండా చూస్తోంది...

"జై శ్రీకృష్ణ, కంకుబెన్!"

గుమ్మంలో రాళ్లమ్మే నాగ్జీభాయ్. గ్రహణం వేళ బేరానికి వచ్చిన ఒకే ఒక్క మనిషి!

వస్తూనే కిటికీ మూసి, ట్యూబ్‌లైటు కింద తెల్లకాగితం పొట్లం విప్పాడు. గులాబీ వజ్రం ధగధగమంది. అదే క్షణంలో లోపలి గదిలో, మంచం పట్టిన కంకుబెన్ కూతురు హేత్వీ ఎగశ్వాస తీసింది... "హా...!"

కంకుబెన్ చూపు లోపలి గది నుంచి రాయి మీదకు పోయింది.

నెల కిందట ఇతను తెచ్చిన రాయి నీళ్లలా తెల్లగా ఉండేది. అసలు వజ్రమైతే దాని మీద పట్టిన నోటి ఆవిరి మరుక్షణమే విడిపోతుంది. అందుకే హేత్వీ అందరిలాగే దాని మీద ఊది చూసింది. ఆ ఆవిరి విడిపోలేదు... రాయిలోకి ఇంకిపోయింది! ఆ రోజు నుంచే పిల్ల పెదవులు పాలిపోయాయి. డాక్టర్లకు అంతుపట్టలేదు.

కంకుబెన్ భూతద్దం పెట్టి చూసింది. మూలన నెల కిందట చూసిన నువ్వుగింజలాంటి మచ్చే. అదే రాయి! పుట్టుకతో వచ్చిన రంగు నెలలో ముదరదు. పూత రంగైతే అంచుల్లో పేరుకుంటుంది. ఈ రంగు నడిమధ్యన కొట్టుకుంటోంది... గుండెలా!

"ఏంటి బెన్, పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తున్నావ్? ఒక్కసారి ఊదు, తేలిపోతుంది."

అతని కళ్లు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. మధ్యమధ్య గడియారం మీదకు పోతున్నాయి. వెలుగు వచ్చేలోగా వీడికి ఇంకో ఊపిరి కావాలి!

"ఊదుతాలే. ట్యూబ్‌లైటు కింద అందరూ అందగత్తెలే కదా భాయ్! రంగురాయిని పగటి వెలుగులో చూడకుండా ఎవరైనా కొంటారా? కిటికీ తియ్యనా?"

"వద్దు! గ్రహణం!"

"అయితే విడిచేదాకా బేరమాడుకుందాం. ఎంత?"

"కోటి."

"కోటా! దీన్ని సానబట్టినవాడు తాగి పట్టాడా? రాయి నడుం వంకర."

"అరవై లక్షలు."

"అడుగు మొన విరిగిపోయింది."

"ఊరికే ఇచ్చేస్తా! ఊదు!"

కంకుబెన్ నవ్వింది. "ఊరికే ఇచ్చే వ్యాపారిని ముప్పై ఏళ్లలో ఇవాళే చూశాను నాగ్జీభాయ్."

అతని ముఖం మారిపోయింది! సంచిలోంచి పసిబిడ్డ పుర్రె తీసి బల్ల మీద పెట్టి మంత్రం అందుకున్నాడు. లోపలి తలుపు దభాలున తెరుచుకుంది. జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలేసి హేత్వీ నిలబడింది. ఆమె గొంతులోంచి నాగ్జీ గొంతు, తల్లిని 'బా' అని పిలుస్తూ...

"ఊదు బా... లేకపోతే నీ కూతురు ఇప్పుడే చస్తుంది!"

కంకుబెన్ మెడ దానంతటదే వంగింది. పెదవులు విడివడ్డాయి. వజ్రం అంగుళం దూరంలో...

ఖణఖణమంటూ వీధి చివర ఖోడియార్ మాత గుడి గంటలు! గ్రహణం విడిచింది!

"ఖోడియార్ మా!" అంటూ ఆమె చేయి చాచి కిటికీ తలుపు నెట్టింది. పగటి వెలుగు వెల్లువలా వచ్చి రాయి మీద పడింది. వజ్రం చెమర్చింది. తెల్లటి ఆవిరి ఒకటి పైకి లేచి హేత్వీ ముక్కుపుటాల్లోకి పోయింది.

రాయి ఖాళీ అయింది... దానికి ఊపిరి కావాలి! కంకుబెన్ నోరు మూసుకుని వెనక్కి జరిగింది. ఇక దాని ముందు మంత్రంతో తెరుచుకుని ఉన్న నాగ్జీ నోరు ఒక్కటే.

"వద్దూ...!"

నాగ్జీ కేక సగంలోనే రాయిలోకి పోయింది. ముఖంలో రంగు, కళ్లలో తడి, ఒంట్లో నెత్తురు అన్నీ దాని వెంటే! కుర్చీలో ఖాళీ బట్టలు మిగిలాయి. పుర్రె పిండిలా రాలిపోయింది.

హేత్వీ గోడకు చేరగిలబడింది. పెదవులు ఎర్రగా ఉన్నాయి.

"బా... ఆకలేస్తోంది. గాంఠియా ఉందా?"

కూతుర్ని కావలించుకుని కంకుబెన్ చాలాసేపు ఏడ్చింది. తర్వాత బల్ల వైపు చూసింది. వజ్రం బొగ్గులా నల్లబడింది. ఆమె దాన్ని పట్టకారుతో తీసి కాగితంలో మడిచింది. పొట్లం మీద రాయి రంగు పేరు రాయడం వీధి ఆచారం. ఆమె రాసింది:

"నలుపు. అమ్మకానికి లేదు. ఎవరూ ఊదవద్దు."

ఇనుప పెట్టెలో పెట్టబోతూ ఒక్కసారి ఆగింది. పొట్లం కాగితం మెల్లగా ఉబ్బుతోంది... తగ్గుతోంది... ఉబ్బుతోంది...