సీటు కింది ఊరగాయ డబ్బా

బ్రీఫింగ్ హఫీత్ కొండ మీద జరిగింది. ఉదయం ఏడు గంటలు. కింద అల్ ఐన్ ఊరు, ఊరి అవతల కంచె, కంచె అవతల ఒమాన్. చూడ్డానికొచ్చిన జనమంతా ఫోన్లెత్తి ఫొటోలు దిగుతుంటే, బురఖాలో ఉన్న ఒక పెద్దావిడ ఫ్లాస్కులోంచి టీ పోసి టూరిస్టు బండి డ్రైవరు చేతికిచ్చింది. ఎవరు చూసినా అక్కాతమ్ముళ్లే అనుకుంటారు. ఆవిడ ఇక్బాలున్నీసా, గల్ఫ్ డెస్క్ చీఫ్. అతను మొయినుద్దీన్, ఏజెంట్ పదకొండు.

“మనిషి పేరు లచ్చన్న. నిర్మల్ వైపువాడు. టైల్స్ మేస్త్రీ. కోరల్ ముఠా విల్లాలో టైల్స్ వేస్తూ మాలీ ముఖం చూశాడు.”

మొయినుద్దీన్ టీ కప్పు పక్కన పెట్టాడు. కోరల్ ముఠా అంటే మన ఓడల దారులు పరాయి దేశానికి అమ్ముకునే ముఠా. దాని నాయకుణ్ని మాలీ అంటారు. ఆ మాలీ ఎలా ఉంటాడో ఏ దేశం ఫైల్లోనూ లేదు.

“చూసినవాళ్లలో బతికున్నది లచ్చన్న ఒక్కడే,” అంది చీఫ్. “రేపు శుక్రవారం. నిజ్వా మేకల సంతలో ఉంటాడు. మధ్యాహ్నం రెండింటికి దుక్మ్ పోర్టు గేటు మూస్తారు. ఈలోగా మన ఓడ ఎక్కాలి. ఎక్కకపోతే వాళ్లు చంపేస్తారు. అంతే.”

“కవర్?”

ఆవిడ ఒక రంగుల బ్రోషర్ ఇచ్చింది. ‘ఎడారి దేశాల రోడ్డు యాత్ర: తప్పక చూడాల్సిన చోట్లు.’ హఫీత్ కొండ, సహం సముద్రతీరం, నిజ్వా కోట, ఖలూఫ్ తెల్ల ఇసుక, దుక్మ్ రాళ్లతోట, ఆపైన సౌదీ మహా ఎడారి.

“నువ్వు గైడువి. షీబా టూరిస్టు. రెండేళ్లుగా కోరల్‌లో మన మనిషి. వాళ్లేమో తమ మనిషనుకుంటున్నారు.”

“ఇంతకీ ఎవరి మనిషి, ఆపా?”

“అది తేల్చడానికి నిన్ను పంపట్లేదు.” చీఫ్ ఫ్లాస్కు మూత బిగించింది. “రూల్ నంబర్ వన్ నీకు నేను చెప్పాలా?”

మొయినుద్దీన్ నవ్వాడు. ఆ రూల్ రాసిందే అతను. పన్నెండేళ్లుగా కొత్త ఏజెంట్లకి మొదటి క్లాసు అతనిదే. బోర్డు మీద పెద్దక్షరాలతో రాసేవాడు: ఎవరి పార్సిలూ మోయొద్దు. “కన్నతల్లి ఇచ్చినా విప్పి చూడండి,” అనేవాడు. పిల్లలు నవ్వితే బెంచీ ఎక్కించేవాడు.

అలాంటి మొయినుద్దీన్ గంటన్నర తర్వాత కంచె దాటి, ఒమాన్ వైపు బురైమీలో ఒక కెఫెటీరియా ముందు నిలబడి పరోటా చుట్టించుకుంటున్నాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పూట అతను బాగానే జాగ్రత్తగా ఉన్నాడు. బండిని రెండు సందుల అవతల ఆపాడు. వెనక్కి మూడుసార్లు చూసుకున్నాడు. కానీ అతను కౌంటర్ దగ్గర ఫోన్లో ఒక్క ముక్క తెలుగు మాట్లాడాడు. పక్క బల్ల మీంచి ఒక ముసలామె లేచొచ్చింది. నేత చీర, నెరిసిన ముడి, చేతిలో గుడ్డసంచి.

“నాయనా, యా ఊరు మీది?”

“కడప, అమ్మా.”

“నీ మాట వింటానే అనుకున్యా! మాది రాజంపేట కాడ. నా పేరు పెంచలమ్మ. ఈడ ఒగ ఇంట్లో వంట జేస్తా. నువ్వు యాడికి పోతాండావు?”

“దుక్మ్ దాకా.”

ఆమె కళ్లు తుడుచుకుంది. “నా కొడుకు అంజి ఆడనే కాంపులో ఉండాడు నాయనా. చూసి రెండేండ్లాయె. మామిడికాయ ఊరగాయ అంటే పానం వాడికి. ఇంత డబ్బాలో పెట్టినా. యెవురిని అడిగినా తీస్కపోం అంటాండారు. గేటు కాడ ఇచ్చిపో, వాడే వచ్చి తీసుకుంటాడు.”

మనవాళ్లలో దీనికి కాదనే నోరు ఎవరికుంది? ఊరికి పోయేవాడి పెట్టెలో పదిమంది పార్సిళ్లు, ఊరి నుంచి వచ్చేవాడి పెట్టెలో పాతికమంది పార్సిళ్లు. తన బట్టలు తీసి బయటపెట్టి పరాయివాళ్ల పచ్చడి మోసుకొచ్చిన మనుషులు మనకి ఇంటికొకరు దొరుకుతారు. మొయినుద్దీన్ తల్లి కూడా బతికున్నన్నాళ్లూ అలాగే ఎవరో ఒకరి చేత పంపింది. అతను చెయ్యి చాచాడు. చాచాకగానీ ఆ చెయ్యి ఎవరిదో గుర్తుకు రాలేదు.

తిరిగి ఇచ్చేద్దామనుకున్నాడు. పెంచలమ్మ అప్పటికే అతని తల నిమిరి “సల్లగుండు నాయనా” అనేసింది. ఇంకేం ఇస్తాడు?

విప్పి చూడాల్సింది. చూళ్లేదు. టేపు చుట్టి, గుడ్డ కట్టి, ఆ గుడ్డకి ఎర్ర దారంతో కుట్టు వేసి ఉంది. తల్లి వేసిన కుట్టు విప్పడానికి మనసొప్పలేదు. బండి దగ్గరికొచ్చి డబ్బాని తన సీటు కిందకి తోశాడు. దొంగతనం చేసినవాడిలా చెవులు వేడెక్కాయి.

షీబా హోటల్ మెట్లు దిగొచ్చింది. నల్లకళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్, మూడు సూట్‌కేసులు. ప్రొద్దుటూరు పిల్ల అని ఎవరూ అనుకోరు, నోరు విప్పేదాకా.

“ఏం భాయ్, బండంతా ఊరగాయ వాసన?”

“పరోటాలో పెట్టిచ్చుకున్నా,” అన్నాడు మొయినుద్దీన్. మొదటి అబద్ధం.

సహం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. తీరం పక్కనున్న చిన్న హోటల్లో వేయించిన చేప పెట్టారు. షీబా తన పౌడర్ అద్దం తెరిచి పెదాలు చూసుకున్నట్టు చూసింది. అద్దం అంచున ఎర్ర చుక్క వెలిగింది. దగ్గర్లో ఎక్కడైనా దొంగ సిగ్నల్ ఉంటే వెలిగే అద్దం అది.

“భాయ్. బండి దగ్గర రెండుసార్లు వెలిగింది. ఎవురన్నా నీకేమన్నా ఇచ్చినారా? పెన్ను, కీచైను, ఏదైనా?”

ఇప్పుడు చెప్పేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా కూర్చున్న పిల్ల అతని శిష్యురాలు. నాలుగేళ్ల క్రితం పార్సిల్ క్లాసులో నవ్వినందుకు బెంచీ ఎక్కించాడు. ఆమె ముందు ‘ఒక అమ్మ ఊరగాయ ఇస్తే తీసుకున్నా’ అని ఎలా చెప్తాడు? చేప ముల్లు తీస్తూ తల వంచుకున్నాడు.

“నాకా? ఎవురిస్తారు? నీ ఫోన్‌కే వెలుగుతాండాదేమో చూడు.” రెండో అబద్ధం.

శుక్రవారం పొద్దున్నే నిజ్వా కోట పక్కన మేకల సంత. కొనేవాళ్లు గుండ్రంగా నిలబడతారు, అమ్మేవాళ్లు తాళ్లు పట్టుకుని మేకల్ని ఆ వలయంలో తిప్పుతారు. అరుపులు, దుమ్ము, బేరాలు. తలకి తువ్వాలు చుట్టిన ఒక బక్కపల్చటి మనిషి గోధుమరంగు మేకని పట్టుకుని నిలబడ్డాడు. మొయినుద్దీన్ దగ్గరికెళ్లి మేక చెవి పట్టుకున్నాడు.

“ఈ మేక దుక్మ్ దాకా నడుస్తుందా?”

“నడువది సార్. నడిమిట్ల అలిగి కూసుంటది.”

కోడ్ సరిపోయింది. లచ్చన్న మేకని దాని ఆసామికి అప్పగించి వెంట నడిచాడు. “నన్ను సంపుతరా సార్?” అని ఒక్కటే అడిగాడు.

“నేనున్నాను,” అన్నాడు మొయినుద్దీన్.

ఆ మాట పూర్తవకముందే సంత మలుపులో రెండు తెల్ల పికప్పులు ఆగాయి. దిగినవాళ్లు మేకల్ని చూడ్డం లేదు, మనుషుల్ని చూస్తున్నారు. షీబా అద్దం ఎర్రగా మండిపోతోంది.

ఇక్కడికి ఎలా వచ్చారు? లచ్చన్నని వదిలేస్తే నిజ్వా సంగతి తెలిసింది ముగ్గురికే: చీఫ్, తను, షీబా. మొయినుద్దీన్ గుండెలో సీటు కింది డబ్బా ఒక్కసారి మెదిలింది. దాన్ని ఒప్పుకోవడంకంటే ఇంకొకర్ని అనడం సులువనిపించింది. షీబా చేతిలో ఫోన్ లాక్కుని పక్కనున్న ఫలజ్ కాలువలోకి విసిరేశాడు.

“రెండేళ్లు వాళ్ల ఉప్పు తిన్నావు కదా. ఆ రుణం తీర్చుకుంటాండావా?”

షీబా ముఖంలో రంగు పోయింది. “భాయ్, నేను కాదు. బండి ఎతుకు. నా మాట విని బండి ఎతుకు.”

“దగ్గరికి రావద్దు!”

లచ్చన్నని బండెక్కించి వెనక సందులోంచి దూకించాడు. బండి అద్దంలో ఎర్ర స్కార్ఫ్ మేకల మధ్య చిన్నదైపోయింది. రూలు ప్రకారం తన ఫోన్ కూడా ఆపేశాడు.

దారి పొడుగునా ఇసుక. సినావ్ దాటింది, మహూత్ దాటింది. మధ్యలో ఒకసారి లచ్చన్న, “ఆ ఆడిపిల్ల నిజంగ మోసగత్తెనా సార్? నాకైతే ఏడ్సినట్టు అనిపిచ్చింది,” అన్నాడు. మొయినుద్దీన్ రేడియో పెట్టాడు.

ఒంటిగంటకి దుక్మ్ రాళ్లతోట. గాలి కోసి కోసి చెక్కిన రాళ్లు, ఒంటెల్లా, తాబేళ్లలా. పోర్టు గేటు పదిహేను నిమిషాల దూరం. ఇంజన్ చల్లారాలని రాళ్ల చాటున ఆపాడు.

“సార్, నిన్నటి సంది ఏం తినలే. గీ సీటు కింద పచ్చడి వాసనొస్తంది. జెర తీసుకోవాల్నా?” అప్పటికే లచ్చన్న చేతిలో రొట్టె, కాళ్ల మధ్య డబ్బా. పళ్లతో కుట్టు తెంపాడు. మూత తీశాడు. ముఖం చిట్లించాడు.

“ఇది ఏ తల్లి పెట్టింది సార్? మామిడికాయ తొక్కు మీద నూనె తేలాలె గదా. మా శాంతమ్మ అయితే వేలు మునిగేంత పోస్తది. గిది సూడు, ఎండిపోయింది.” వేలు పెట్టాడు. రెండు కణుపులకే అడుగు తగిలింది. బయటినుంచి చూస్తే డబ్బా జానెడు లోతుంది.

దొంగ అడుగు ఊడొచ్చింది. దాని కింద నల్ల బిళ్ల. మధ్యలో సూదిమొనంత రంధ్రం. ట్రాకర్, మైకు, రెండూ.

మొయినుద్దీన్ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. బండి దిగి ఒక రాయికి ఆనుకున్నాడు. చెమట కాదు, సిగ్గు. తల నుంచి కాళ్లదాకా. పన్నెండేళ్లు బోర్డు మీద రాసిన అక్షరాలు ఒక్కొక్కటే చెంప మీద కొడుతున్నట్టుంది. ఒక పిల్ల బతుకునీ పరువునీ మేకల మధ్య పారేసి వచ్చాడు. ఎందుకు? తను ఒక డబ్బా తీసుకున్నానని చెప్పలేక.

ఉత్తరాన దుమ్ము లేచింది. ఒకటే బండి. రాళ్లతోటలోకి వంకరగా వచ్చి ఆగింది. వెనక ఆరు మేకలు. ముందు షీబా. కళ్లద్దాలు లేవు, స్కార్ఫ్ నిండా మేక బొచ్చు.

మొయినుద్దీన్ పరుగున వెళ్లి ఆమె నోటికి చెయ్యి అడ్డుపెట్టి, డబ్బా చూపించాడు. ఆమె తలూపింది. ఇద్దరూ దూరంగా నడిచారు.

“సంతలో ఒకాయప్ప ఫోన్ అడుక్కుని ఆపాకి చేసినా, వాని మేకల బండే తీసుకుని వచ్చినా,” అంది గుసగుసగా. “ఆపా ఆరా తీసింది. డబ్బాలు పంచిన ముసల్ది కోరల్ మనిషి. గైడు వేషంలో మనవాడు దాటుతాడని మాత్రమే తెలుసు వాళ్లకి. అందుకని దుక్మ్ పోయే ఐదుగురు డ్రైవర్లకి ఐదు డబ్బాలిచ్చిందంట. ఐదుగురూ తీసుకున్నారు. బండిలో మనం లచ్చన్న పేరెత్తింది నీ డబ్బాలోనే వినపడింది. సంత తోపులో చిక్కి పికప్పులు ఎనకబడినాయి, నా వెనక పది నిమిషాల్లో ఉండాయి.”

“షీబా, నేను...”

“తర్వాత. టైమెంత?”

“ఒకటి ఇరవై.”

మొయినుద్దీన్ బ్రోషర్ వెనక నాలుగు ముక్కలు రాసి చూపించాడు. షీబా చదివి మొదటిసారి నవ్వింది. అతను డబ్బాని రెండు చేతుల్లోకి తీసుకుని గొంతు సవరించుకున్నాడు. తేనెలాంటి గైడు గొంతు.

“లచ్చన్నా, పోర్టుకి పోవట్లేదు. ప్లాన్ మారింది. వెనక్కి పోతున్నాం. ఖలూఫ్ తెల్ల ఇసుక, తప్పక చూడాల్సిన చోటు. అక్కడ బోటు ఉంది.”

“మంచిది సార్,” అన్నాడు లచ్చన్న, ఎవరూ చెప్పకుండానే.

డబ్బా మేకల మధ్యకి చేరింది. షీబా బండి ఉత్తరానికి తిప్పింది. ఎదురుగా వచ్చిన తెల్ల పికప్పులు రెండూ, తమ తెరమీద చుక్క తమని దాటి వెనక్కి పోతుంటే కాసేపు తికమకపడి, గుండ్రంగా తిరిగి మేకల వెంట పడ్డాయి. మహూత్ దగ్గర ఒమాన్ పోలీసులు రోడ్డుకి అడ్డంగా బండ్లు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. పొద్దున ఆపా చేత షీబా పెట్టించిన కబురు అది; పోలీసులు చేరేసరికే పికప్పులు దక్షిణానికి దాటిపోయాయి.

పికప్పుల దుమ్ము కనుమరుగయ్యేదాకా రాళ్ల చాటున ఆగి బయల్దేరిన మొయినుద్దీన్ బండి చేరేసరికి పోర్టు గేటు కిర్రుమంటూ కదిలింది. ఒకటీ యాభై తొమ్మిది. మూసుకుంటున్న సందులోంచి లచ్చన్న పక్కకి తిరిగి దూరాడు. రొట్టె ఇంకా చేతిలోనే ఉంది.

“సార్, నువ్వుంటనన్నవ్. ఉన్నవ్,” అన్నాడు ఊచల్లోంచి.

మొయినుద్దీన్ తలెత్తలేకపోయాడు.

మర్నాడు మస్కట్‌లో రిపోర్టు తనే చదివాడు, తీసుకున్న డబ్బా, చెప్పిన రెండు అబద్ధాలు, వేసిన నింద, ఒక్కటీ వదలకుండా. చదివాక షీబా వైపు తిరిగాడు. “నన్ను మాఫ్ చెయ్ బేటీ. అందరి ముందు అన్నా, అందరి ముందే అడుగుతాండా.”

“చేస్తా భాయ్. ఫలజ్‌లో నా ఫోన్ ఉంది. పోయి ఎతికి తే,” అంది షీబా. ఆమె జుట్టు నాలుగుసార్లు తలంటుకున్నా మేక వాసన పోలేదట.

“ఇకమీద పార్సిల్ క్లాసు నువ్వే చెప్పాలి,” అంది ఇక్బాలున్నీసా మొయినుద్దీన్‌తో. “ఇదివరకు చెప్పింది లెక్కలోకి రాదు. ఇప్పుడు నీకు తెలుసు.”

అంతలో బల్ల మీద శాటిలైట్ ఫోన్ మోగింది. ఓడలోంచి లచ్చన్న. మాలీ ముఖం పొద్దున్నే గీయించాడట, పోలిక బాగా కుదిరిందట. అది చెప్పి, గొంతు తగ్గించి అన్నాడు.

“మొయిన్ సార్‌కు జెర చెప్పుండ్రి. ఇంటికి వోయినంక మా శాంతమ్మతోని తొక్కు పెట్టించి, ఎవలన్న ఒమాన్ వచ్చెటోళ్ల చేత పంపుత.”

మొయినుద్దీన్ నేల చూశాడు. చీఫ్ ఫోన్ దగ్గరికి తీసుకుంది.

“పంపు నాయనా. నూనె మాత్రం వేలు మునిగేంత పొయ్యమను.”