కుంచెకు అవతలి చెయ్యి

ఎండ చూరు దిగకముందే నాగరత్నమ్మ గంజి కాచి దించింది. పడుగుది మూడు నెలలు తిరిగితే కంట్రోలు డిపోలో దొరికిన నూలు. నగరి సాలెవీధిలో రెండు గుంజల నడుమ పడుగు చాచి గంజి పట్టించారు. తడి ఆరేలోగా కుంచె లాగాలి. పడుగుకు చెరోవైపున ఒక గట్టి మగమనిషి నిలబడి ఆ పొడవాటి కుంచెను పట్టుకుని, ఒకే అడుగుగా ఈ కొస నుంచి ఆ కొసకు లాగాలి. లేకపోతే పోగులు అతుక్కుని పడుగంతా పాడవుతుంది. అవతలి చెయ్యి పట్టే గోవిందు పెళ్ళికి పోయి, తొలి బండికే వస్తానన్నాడు. బండి వచ్చి పోయింది. గోవిందు రాలేదు.

ఆమె మొగుడు మునిరామయ్య మాత్రం అరుగు మీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు.

"రాజా, లండన్‌లో యాభై దేశాలోళ్ళు ఒక్కచోట కూసున్నారంటరా. ఇంక యుద్ధమనేదే రానీరంట."

కొడుకు రాజారత్నం బర్మా యుద్ధం నుంచి ఇల్లు చేరి పది రోజులయింది. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు, కుంచె పట్టలేడు.

"నిజంగా ఆగుతాదంటావా నాయనా?"

"కూసోని మాట్లాడుకుంటే తీరనిదేముండాది?"

నాగరత్నమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఏమయ్యా, ఆ యాభై దేశాల్లో ఒకణ్ణి పిలిచి కుంచె పట్టమను! పడుగు ఆరిపోతా ఉండాది!"

"గోవిందు రానీ."

"గోవిందు పప్పన్నం తింటా ఉంటాడు. ఎదురింట్లో ఉండాడు గదా నీ తమ్ముడు, పిలువు."

మునిరామయ్య పేపరు మడిచేశాడు. "వాడి పేరెత్తొద్దు. నా కొడుకును పట్టాళానికి తోసిన చెయ్యి నా పడుగు మీద పడకూడదు."

ఎదురిల్లు ఎనిమిది అడుగుల దూరం. మునెయ్య, మునిరామయ్య ఒకే మగ్గం గుంటలో పని నేర్చిన అన్నదమ్ములు. మూడున్నరేళ్ళుగా ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఈ పట్టుదలతో నాగరత్నమ్మ ప్రాణం విసిగిపోయింది.

రాజారత్నం లేచి నిలబడ్డాడు. "నన్ను తోసింది చిన్నాయనా? నూలు పంచుకునేకాడ తగాదా అని చెప్పినావే అమ్మా?"

"వస్తానే ఈ గోలంతా నీకెందుకులే అని..." ఆమె నసిగింది.

"నేను చెప్తా విను," అన్నాడు తండ్రి. "పట్టాళమోళ్ళు నీ పాతబట్టలు ఇంటికి పంపించినారు. ఆ మూట కట్టిన తువ్వాలు ఎవురిది? ఎర్రంచులో రెండు నల్లపోగులు. ఆ అంచు ఈ వీధిలో వాడు తప్ప ఎవుడు వేస్తాడు? ఒక్క చూపులో కనిపెట్టింది మీయమ్మే. వాడే మూటగట్టి సాగనంపినాడని తేల్చింది."

"తువ్వాలు చిన్నాయనదే," అన్నాడు రాజారత్నం. "కానీ సాగనంపలేదు నాయనా. నూలు లేక మగ్గాలు పడుకున్నాయని నేనే పోతిని. ఎవురో చెప్తే చిన్నాయన స్టేషన్ దాకా పరిగెత్తుకోనొచ్చి, 'మీయమ్మ బతకదురా' అని ఏడిసి చెయ్యి పట్టి గుంజినాడు. ఇదిలించుకోని బండెక్కేస్తి. భుజం మీది తువ్వాల్లో బొరుగులు మూటగట్టి కిటికీలోంచి ఏసినాడు."



నాగరత్నమ్మకు రాజా పోయిన కొత్తరోజులు గుర్తొచ్చాయి. ఏదో చెప్పుకోవాలని మునెయ్య రెండుసార్లు గడప దాకా వచ్చాడు. మొదటిసారి తలుపు వేసింది ఆమే. రెండోసారి గంజినీళ్ళు ముఖాన కుమ్మరించింది కూడా ఆమే. ఇన్నాళ్ళూ మొండితనమంతా మొగుడిదేనని తిట్టిపోసింది.

కొంగు బిగించి వీధి దాటింది. క్షమించమందామనే వెళ్ళింది గానీ, గడప ముందు నోరు తన అలవాటు తాను మానలేదు.

"మునెయ్యా! ఆడ పడుగు పాడైపోతా ఉంటే తలుపు సందులోంచి సూస్తా నిలబడుకున్నావా?"

తలుపు వెంటనే తెరుచుకుంది. పంచె ఎగ్గట్టుకుని సిద్ధంగా ఉన్నాడతను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పిలవకుండా వస్తే మళ్ళా గంజినీళ్ళు పోస్తావేమోనని, వదినా."

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. "నా నోరే అబ్బా ఇంత చేసింది. అంచు సూసి మనిషిని తూకమేస్తిని."

"లేయ్ వదినా, ముందు పడుగు. ఏడ్సేది తర్వాత."

మునిరామయ్య అరుగు దిగాడు. కుంచె తెచ్చి ఒక కొస తమ్ముడి వైపు చాచాడు. మొదటి చాలు మాటల్లేకుండా సాగింది. రెండో చాలుకు మునెయ్య, "అన్నా, నీ పక్క ఎత్తుతా ఉండావు," అన్నాడు.

"నువ్వే దించుతా ఉండావు."

"మళ్ళా మొదలుపెట్టినారా!" అని నాగరత్నమ్మ కేకేసింది. రాజారత్నం నవ్వాడు.

ఆ కొసన జానెడు మేర పోగులు అప్పటికే అతుక్కుపోయాయి. తల్లీ కొడుకూ కూర్చుని ఒక్కొక్కటే విడదీయసాగారు.

"ఇంతకీ ఆగుతాదా నాయనా యుద్ధం?"

మునిరామయ్య కుంచె ఆపి ఎదురింటి గడప వైపు చూశాడు. "ఏమోరా. ఎనిమిదడుగులు దాటేదానికి నాకు మూడున్నరేండ్లు పట్టింది. అదీ మీయమ్మ దాటింది."

నాగరత్నమ్మ తలెత్తలేదు. కొడుకు మూడు వేళ్ళతో తిప్పలు పడుతున్న పోగును మెల్లగా అందుకుని విడదీసింది.