పేరు లేని నాలుగు పేజీలు

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి జెరాక్స్ షాపు తెరిచి ఉందంటే ఎవరైనా ఏమనుకుంటారు? జెరాక్స్ తీస్తారనే అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. అందులో నా తప్పేమీ లేదు.

నరసరావుపేటలో మాది పురుగుమందులు, విత్తనాల కొట్టు. లైసెన్సు రెన్యువల్ కాగితాలు సోమవారం పొద్దున్నే ఆఫీసులో ఇవ్వాలి. కోర్టు వెనక వీధిలో సలోమి అక్క షాపు షట్టరు సగానికి దించి ఉంటే, తల వంచి లోపలికి దూరాను. ఏడెనిమిది మంది ప్లాస్టిక్ కుర్చీల్లో గుండ్రంగా కూర్చుని ఉన్నారు.

“అక్కా, నాలుగు పేజీలు...” అన్నాను.

“ఇదిగో తమ్ముడూ, నాలుగు పేజీలే,” అంటూ ఆమె ఒక కాగితాల సెట్టు నా చేతిలో పెట్టి కుర్చీ లాగింది. “కూసో. భయపడమాక, అందరూ మనోళ్ళే.”

చూస్తే అది కథ. రాసినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

“ఇక్కడ పద్ధతంతే బాబూ,” అన్నాడు పక్క కుర్చీలోని అలీ సాహెబ్. ముప్పై ఏళ్ళు మాచర్ల బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. “ఒక నెల పత్రికలో వచ్చిన కొత్త కథ, ఒక నెల మనలో ఎవరో రాసింది. రాసినోళ్ళ పేరు కనపడకుండా సలోమి కాగితం ముక్క అడ్డం పెట్టి కాపీ తీసిద్ది. అందరూ మాట్లాడినాక గానీ రాసిందెవరో బయటపడదు. కొత్తగా వచ్చినోళ్ళు ముందు మాట్లాడాల.”

“నేను చదివేవాణ్ణి కాదండీ. మా కొట్లో డబ్బాల మీద లేబుళ్ళు తప్ప ఏమీ చదవను.”

“అయితే లేబుల్ చదివినట్టే చదవండి,” అంది ఎదురుగా ఉన్న అమ్మాయి. ఆకుపచ్చ చుడీదార్, ఒళ్ళో బ్యాగు, చేతిలో ఎర్ర పెన్ను. ఆ పెన్ను చూడగానే నాకు పదో తరగతి గుర్తొచ్చింది.

సలోమి అక్క కథ పైకి చదివింది. ఒక రైతు కుర్రాడు మిట్టమధ్యాహ్నం మిరప చేలో మందు కొడుతుంటాడు. గట్టు మీద ఒకమ్మాయి నడిచొస్తుంది. ఎదురుగాలి అతని మొహాన కొడుతుంది. అక్కడ ప్రేమ మొదలవుతుంది. చదవడం అయ్యాక అందరూ నా వైపు తిరిగారు.

“ఇది తప్పండీ,” అన్నాను.

“ఏది తప్పు?” అంది ఎర్ర పెన్ను.

“ఆ ఎండలో మిరపకి మందు కొట్టరు. ఎదురుగాలికి అసలే కొట్టరు. ఇతను ప్రేమలో పడకముందే ఆస్పత్రిలో పడతాడు.”

రామాయమ్మ పెద్దగా నవ్వేసింది. రొంపిచర్ల నుంచి వచ్చే మిరప రైతు ఆమె. చదువు రాదు, కథ వినడానికే వస్తుంది. “నిజమేరా అబ్బాయ్! నాకూ అట్నే అనిపించింది. అంటే ఏమనుకుంటారోనని ఊరుకున్నా.”

“కథకి మందు డబ్బా రూల్సు పెడితే ఎట్టాగండీ? అతని మనసు చూడండి,” అంది ఎర్ర పెన్ను. మొహం కూడా కొంచెం ఎర్రబడింది.

“చూద్దామనే చూశానండీ. ముందు మనిషి బతకాలి గదా.”

అందరూ మాట్లాడడం అయ్యింది. “రాసినోళ్ళు లేవండి,” అంది సలోమి అక్క.

ఎర్ర పెన్ను లేచింది. “నాదే.”

షట్టరు వైపు చూశాను. సగమే తెరిచి ఉంది, పరిగెత్తడానికి వీల్లేదు. ఆమె నేరుగా నా దగ్గరకొచ్చింది.

“ఎన్నింటికి కొడతారు?”

“ఏందండీ?”

“మందు.”

“పొద్దున ఎండెక్కక ముందు. లేదంటే సాయంత్రం. గాలివాటం చూసుకుని.”

అదంతా ఆమె మార్జిన్‌లో రాసుకుంది. “థాంక్స్. నా పేరు సింధూజ. వినుకొండలో ఉంటా, నూజెండ్ల హైస్కూల్లో లెక్కలు చెప్తా. వచ్చే నెల రెండో ఆదివారం. వస్తారుగా?”

లైసెన్సు కాగితాలు కాపీ తీయించకుండానే ఇంటికొచ్చాను.

“ఏ పార్టీ మీటింగురా?” అన్నాడు నాన్న, నేను చెప్పులు విప్పకముందే. కబురు నాకన్నా ముందే చేరింది. మా నాన్న సుబ్బారావు గారి లెక్కలో షట్టరు సగం దించి పదిమంది కూర్చున్నారంటే అది ఎన్నికల వ్యవహారమే.

“కథల మీటింగు నాన్నా.”

“నాకు కథలు చెప్పమాక. ఏ పార్టీ?”

ఆ తర్వాత నెల వెళ్ళాను. ఆ పై నెలా వెళ్ళాను. మొదట్లో సింధూజ కోసమే వెళ్ళాను, దాచడం దేనికి. కానీ కథలు కూడా మెల్లగా నన్ను పట్టుకున్నాయి. యూరియా కోసం వచ్చిన రైతు “యోగేశా, బస్తా ఇయ్యవయ్యా” అని రెండుసార్లు పిలిస్తే గానీ తలెత్తని రోజులొచ్చాయి. ఆ గదిలో ఎవరు ఏం మాట్లాడినా ఎగతాళి చేసేవాళ్ళు కాదు. తెలియదని చెప్పినా “ఎందుకు తెలియలేదో చెప్పు” అని అడిగేవాళ్ళు. ఇరవై ఏడేళ్ళలో నా అభిప్రాయం ఎవరైనా రాసుకున్నారంటే అక్కడే.

మీటింగు అయ్యాక సింధూజను బస్టాండ్ దాకా దిగబెట్టడం నా డ్యూటీ అయింది. దారంతా తగువే.

“ఆ కథలో భార్య వెళ్ళిపోవడం కరెక్టే,” అనేది.

“ఒక్క మాట చెప్పి వెళ్ళొచ్చుగా?”

“చెప్తే మీలాంటోళ్ళు వాదిస్తారుగా!”

వినుకొండ బస్సు వచ్చేది. ఒకోసారి వాదన తేలక ఆ బస్సు వదిలేసి తర్వాతి బస్సుకి వెళ్ళేది. నాకు ఆమె అంటే చచ్చేంత ఇష్టమని ఆ వదిలేసిన బస్సుల దగ్గరే తెలిసింది. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

సెప్టెంబరులో బయట వాన, లోపల కొత్త కథ. పేరు లేదు. ప్రతి నెలా బస్సులో నరసరావుపేటకొచ్చే ఒక టీచరమ్మ. గదిలో ఆమెకెదురుగా కూర్చునే విత్తనాల కొట్టు కుర్రాడంటే ఆమెకు ఇష్టం. అతను కాగితం చూస్తాడే గాని ఆమెను చూడడు. మూడేళ్ళు నోరు విప్పకుండా ఎదురుచూసి, ఒకరోజు బస్సు కిటికీ పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంది. అంతే కథ.

నా చేతిలో కాగితాలు చెమటకి మెత్తబడ్డాయి. బస్సులో వచ్చే టీచరు. విత్తనాల కొట్టు. ఇంకా చెప్పాలా? సింధూజ తలొంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. సిగ్గు అనుకున్నాను.

నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. అక్కడ లేచి మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు.

“ఈ కొట్టు కుర్రాడు మొద్దు కాదండీ. కాగితం చూస్తున్నట్టు నటిస్తాడంతే. సింధూజ గారూ, మీరింక బస్సులో కళ్ళు తుడుచుకోనక్కర్లేదు. నేను ఒప్పుకుంటున్నా.”

అలీ సాహెబ్ గొంతు సవరించుకున్నాడు.

“బాబూ, అది నేను రాశా.”

కిటికీ పక్క సీటు గురించి అంత బాగా రాస్తే బస్సులో వచ్చే సింధూజే గుర్తొచ్చింది నాకు. ముప్పై ఏళ్ళు బస్సులోనే బతికిన మనిషి నా పక్కనే కూర్చున్నాడన్న సంగతి బుర్రకు తట్టలేదు. రామాయమ్మ నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది. సింధూజ బ్యాగు తీసుకుని షట్టరు కింద నుంచి వానలోకి వెళ్ళిపోయింది.

గొడుగు పట్టుకుని పరిగెత్తాను. బస్టాండ్‌లో తడిసి నిలబడి ఉంది.

“సారీ అండీ. మీరు రాశారనుకుని...”

“ఒప్పుకుంటున్నారా!” అంది. “నేనెప్పుడడిగాను మిమ్మల్ని?”

“అడగలేదు.”

“ఆ టీచరమ్మ మూడేళ్ళు నోరు మూసుకుని ఏడ్చింది. అది నేనని ఎట్టా అనుకున్నారండీ? నాలుగు నెలల నుంచీ మీతో వాదిస్తూనే ఉన్నాగా. నోరు లేనిదాన్లా కనపడ్డానా?”

“లేదండీ. నోరు చానా...”

“చాలు.” మొహం మీది వాననీళ్ళు తుడుచుకుంది. “నెలంతా స్కూలు, ఇల్లు. ఆ గదిలో కూర్చునే రెండు గంటలే నాకు పండగ. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రాను? అందరూ నన్ను చూడగానే మీ కథే గుర్తు తెచ్చుకుంటారు.”

బస్సొచ్చింది. ఈసారి వదల్లేదు.

ఆ రాత్రి మెసేజ్ పెట్టాను. ‘మీరు మీటింగుకు తప్పకుండా రండి. నేను రాను. ఆ గది ముందు నుంచీ మీది.’ రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. అన్నం సయించలేదు. ఆమె నన్ను కాదన్నా తట్టుకోగలను గాని, నా తొందర వల్ల ఆమెకు ఆ రెండు గంటలు లేకుండా పోతే నన్ను నేను క్షమించుకోలేను.

రెండ్రోజులకు అలీ సాహెబ్ కొట్టుకు వచ్చాడు.

“నాదీ తప్పుంది బాబూ. మీ ఇద్దర్నీ చూసే రాశా. ఎవరు ఎవరి పక్క సీటు కోసం చూస్తున్నారో కండక్టరుకి తెలవదా?”

“మరి ఆమె ఏడ్చినట్టు రాశారేంది సాయిబుగారూ?”

“ఏడవకపోతే కథెట్టా అయిద్ది?” అన్నాడు అమాయకంగా.

అక్టోబరు రెండో ఆదివారం. మిరప సీజను కావడంతో కొట్టు తెరిచే ఉంచాం. మూడైంది. మూడున్నరైంది. గడియారం చూడకూడదనుకుంటూ పదిసార్లు చూశాను. ఆమె వెళ్ళి ఉంటే చాలనుకున్నాను. నాలుగింటికి కొట్టు మెట్ల మీద ఆకుపచ్చ చుడీదార్ కనపడింది.

“ఏం కావాలమ్మా?” అంటూ నాన్న కుర్చీలోంచి లేచాడు.

“మీ అబ్బాయితో మాట్లాడాలండీ.” నా వైపు తిరిగింది. “ఎందుకు రాలేదు?”

“మీరు రావాలని.”

“వచ్చాను. మీ కుర్చీ అట్టాగే ఉంచారు. నేనేం చెప్పినా అందరూ తలూపారు, పాపం నా మనసు నొచ్చుకోకూడదని. తప్పు అని ఒక్కళ్ళు కూడా అనలేదు. నాకెంత చిరాకేసిందో తెలుసా? టీ బ్రేక్‌లో లేచి వచ్చేశా.”

“కోపం పోయిందా?”

“పదకొండో రోజుకే పోయింది. మీకు తెలియనివ్వలేదు.” బ్యాగు పట్టీ చేతికి చుట్టుకుంది. “నాకోసం ఆ గది వదులుకున్నారు. అది మీకెంత ఇష్టమో నాకు తెలుసు. చూడండి యోగేశ్ గారూ, ఆ రోజు నేనడక్కుండానే ఒప్పుకున్నారు. ఇప్పుడు నేనే అడుగుతున్నా. మీరంటే నాకిష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

నా నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. కొట్టు బయట స్కూటరు ఆపిన రైతు దిగకుండా అట్లాగే ఉండిపోయాడు.

“ఒరేయ్! నోట్లో ఏం పెట్టుకున్నావురా?” నాన్న అరిచాడు. “ఆరు సంబంధాలు చూపిస్తే ఆరింటికీ ‘నీ ఇష్టం నాన్నా’ అన్నాడమ్మా వీడు. సొంతంగా ఒక్క మాట రాదు. వాడి తరఫున నేను చెప్తా...”

“మీరాగండి మావయ్యా,” అంది సింధూజ. “ఆయన్ని చెప్పనివ్వండి.”

నాన్న ఆగిపోయాడు. ఒకరు ఆగమంటే ఆగడం ఆయన చరిత్రలో లేదు. మెల్లగా కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తీసి, తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాడు.

“చేసుకుంటాను,” అన్నాను. ఇంత గట్టిగా వచ్చిందేమిటా అని నాకే ఆశ్చర్యమేసింది. “నాకు మీరంటే ప్రాణం. జూన్ నుంచీ చెప్పాలనుకుంటున్నా. నోరు రాక ఒకళ్ళ కథ అడ్డం పెట్టుకున్నా. తప్పయింది.”

సింధూజ నవ్వింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, తుడుచుకోలేదు. “అయితే పదండి. మీటింగు రెండో సగం ఇంకా ఉంది.”

నేను నాన్న వైపు చూశాను. బీరువా తాళాలు, రైతులు, సీజను, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

“ఇంకా నా మొహం చూస్తావేందిరా?” అన్నాడు నాన్న. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “కొట్టు నేను చూసుకుంటాలే. ఎళ్ళు, కోడలుపిల్ల ఎంతసేపు నిలబడిద్ది?”